డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ ఒకటి కావు: సరిహద్దు ఊళ్ల షాపు కంప్యూటర్లు సర్దుకోవడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఈ ఒడిశా-ఆంధ్రా సరిహద్దు ఊళ్లలో జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ ఒక్కచోటే చేసే షాపుల్లో కంప్యూటర్ తెర చూస్తే వెనకున్న వాల్‌పేపర్ ఏమిటో తెలియదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఐకాన్లే. భూమి రికార్డుల సైట్లు ఒడిశా భూలేఖ్‌కి ఒకటి, ఆంధ్రా మీభూమికి ఒకటి, పెళ్లి కార్డు పేజ్‌మేకర్ ఫైలు, ఎవరిదో ఆధార్ స్కాన్, ‘న్యూ ఫోల్డర్ (7)’, ఒడియాలో పేరున్న దరఖాస్తు, దాని పక్కన చదవడానికి వీల్లేని గజిబిజి పేరుతో ఇంకో ఫైలు. అన్నీ ఒకే సైజు బొమ్మలుగా కనిపిస్తాయి కాబట్టి అన్నీ ఒకే రకం అనుకుని ఒకేలా లాగుతాం, ఒకేలా డిలీట్ చేస్తాం. పోగొట్టుకునేది కూడా అలాగే.

డెస్క్‌టాప్ మీద ఉండేవి నాలుగు రకాలు. మొదటిది అసలు ఫైలు లేదా ఫోల్డర్. దాన్ని తీసేస్తే సరుకే పోతుంది. రెండోది షార్ట్‌కట్. బొమ్మకి ఎడమ కింది మూలన చిన్న బాణం ఉంటుంది. ఇంటి అడ్రసు రాసిన చీటీ లాంటిదన్నమాట. చీటీ చింపినా ఇంటికేం కాదు, ఇల్లు మారితే మాత్రం చీటీ చెల్లదు. మూడో రకం దిస్ పీసీ, రీసైకిల్ బిన్ లాంటి సిస్టమ్ ఐకాన్లు. ఇవి ఫైళ్లు కానే కావు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో థీమ్స్, అందులో డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్‌కి వెళ్లి టిక్ పెడితే వస్తాయి, తీస్తే పోతాయి. దిస్ పీసీ కనబడటం లేదని మెకానిక్‌ని పిలవక్కర్లేదు.

నాలుగో రకం చూడ్డానికి రెండోదానిలాగే ఉంటుంది గానీ ఉండే చోటు వేరు. మనం చూసే డెస్క్‌టాప్ నిజానికి రెండు ఫోల్డర్ల కలయిక. ఒకటి సి డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని డెస్క్‌టాప్. రెండోది అదే యూజర్స్ కింద పబ్లిక్ అనే ఫోల్డర్‌లో దాగి ఉండే మరో డెస్క్‌టాప్. చాలా సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తమ షార్ట్‌కట్‌ని ఈ పబ్లిక్‌లో పెడతాయి, కంప్యూటర్‌లో ఎన్ని లాగిన్లు ఉంటే అందరికీ కనబడాలని. అందుకే కొన్ని ఐకాన్లు డిలీట్ చేయబోతే అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది. ఓనరు లాగిన్‌లో అలాంటిదాన్ని తీసేస్తే ఆపరేటర్ లాగిన్‌లోనూ మాయమవుతుంది. సిస్టమ్ దాచిన ఫైళ్లు కూడా కనబడేలా సెట్ చేసినప్పుడు డెస్క్‌టాప్ మీద డెస్క్‌టాప్ డాట్ ఐఎన్‌ఐ అని ఒకే పేరుతో రెండు ఫైళ్లు తేలడం కొందరు చూసే ఉంటారు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండటం కుదరదు కదా. ఒకటి మీ ఫోల్డర్‌ది, ఒకటి పబ్లిక్‌ది. వైరస్ అని భయపడక్కర్లేదు, వాటిని ముట్టుకోనూ అక్కర్లేదు.

లాగితే వచ్చేది షార్ట్‌కట్ కాదు

డి డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్‌ని మౌస్‌తో లాగి డెస్క్‌టాప్ మీద వదిలితే షార్ట్‌కట్ వచ్చిందనుకుంటారు. వచ్చింది మొత్తం ఫోల్డర్ కాపీ. విండోస్ పద్ధతి ఇది: ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైలు చోటు మారుతుంది, ఒక డ్రైవ్ నుంచి ఇంకోదానికి లాగితే కాపీ అవుతుంది. డెస్క్‌టాప్ ఉండేది సి లో కాబట్టి డి నుంచి లాగిన ప్రతిదీ రెండో కాపీ అయి కూర్చుంటుంది. ఫ్లెక్సీ మీద ఫోన్ నంబరు తప్పు పడిందని ఒక కాపీలో దిద్దుతారు, ప్రింటుకి ఇంకో కాపీ వెళుతుంది. డబ్బులిచ్చేటప్పుడు గొడవ మొదలవుతుంది.

షార్ట్‌కట్టే కావాలంటే ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని లాగాలి. లేదా మౌస్ కుడి బటన్‌తో లాగి వదలాలి. అప్పుడు కాపీ చేయాలా, చోటు మార్చాలా, షార్ట్‌కట్ పెట్టాలా అని మెనూ అడుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ రెండో పద్ధతే మేలు, ఎందుకంటే ఏం చేయబోతున్నామో తెరమీద రాసి ఉంటుంది. రైట్ క్లిక్ చేసి సెండ్ టు, డెస్క్‌టాప్ అనే దారి కూడా ఉంది. విండోస్ 11లో అది షో మోర్ ఆప్షన్స్ వెనక దాక్కుంది. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నేరుగా పాత మెనూ వస్తుంది.

షార్ట్‌కట్ కూడా ఒక ఫైలే. దాని ఎక్స్‌టెన్షన్, అంటే ఫైలు పేరు చివరుండే తోక, డాట్ ఎల్‌ఎన్‌కె. ఎక్స్‌టెన్షన్లన్నీ చూపించమని సెట్ చేసినా విండోస్ దీన్ని మాత్రం చూపించదు. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే టార్గెట్ గడిలో అసలు ఫైలు దారి ఉంటుంది. ఆ గడి చదవడం అలవాటు చేసుకుంటే సగం సందేహాలు అక్కడే తీరతాయి. కింద ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే అసలు ఫైలు దగ్గరికే తీసుకెళుతుంది. చేంజ్ ఐకాన్‌తో బొమ్మ మార్చుకోవచ్చు. ఆ బొమ్మ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే మాత్రం, డ్రైవ్ తీశాక ఐకాన్ తెల్ల కాగితంలా మారొచ్చు. బొమ్మ ఫైళ్లన్నీ సి లేదా డి లో ఒక స్థిరమైన ఫోల్డర్‌లో ఉంచండి.

షార్ట్‌కట్ కీ గడి దగ్గర మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. అక్కడ ఏ అక్షరం నొక్కినా దానికి కంట్రోల్, ఆల్ట్ తగిలించి కీ తయారవుతుంది. ఇంగ్లిష్ ఇండియా కీబోర్డులో ₹ గుర్తు పడేది కుడి ఆల్ట్, 4 నొక్కితే. కుడి ఆల్ట్ అంటే విండోస్ లెక్కలో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టే. కాలిక్యులేటర్‌కి కంట్రోల్ ఆల్ట్ 4 పెట్టుకున్న మనిషి బిల్లులో ₹ కొట్టబోతే కాలిక్యులేటర్ తెరుచుకుంటుంది. ఒడియా, తెలుగు కీబోర్డు లేఅవుట్లలో కూడా కుడి ఆల్ట్‌తో వచ్చే గుర్తులుంటాయి. అందుకే షార్ట్‌కట్ కీలకి కంట్రోల్, ఆల్ట్‌తో కలిపి ఎఫ్ వరుసలో కీలు వాడటం క్షేమం. ఈ కీ పని చేయాలంటే ఆ షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదో స్టార్ట్ మెనూలోనో ఉండాలి. వేరే ఫోల్డర్‌లో పెడితే పని చేయదు.

అసలు ఫైలుని అదే కంప్యూటర్‌లో ఇంకో ఫోల్డర్‌కి మార్చినా షార్ట్‌కట్ ఒక్కోసారి పని చేస్తూనే ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయిన డ్రైవ్‌ల (సి, డి సాధారణంగా ఇలాంటివే) మీద విండోస్ ఫైలు జాడ పట్టుకోగలదు. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, వాటి మీద ఈ సదుపాయం లేదు. పైగా పెన్‌డ్రైవ్‌కి ఇవాళ ఇ వస్తే రేపు ఎఫ్ వస్తుంది, ముందు ఏది గుచ్చారన్నదాన్నిబట్టి. రోజూ వాడే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి పి, ఎక్స్ లాంటి చివరి అక్షరం ఒకటి ఖాయం చేసేయండి. అప్పుడు దాని షార్ట్‌కట్లు తెగవు.

సి డ్రైవ్ ఫార్మాట్, వన్‌డ్రైవ్ మాయ

డెస్క్‌టాప్ సర్దుకోవడానికి అసలు కారణం అందం కాదు. అది సి డ్రైవ్‌లో ఉంది. కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్ చేసే మొదటి పని సి ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయడం. ‘డి లో ఉన్నదంతా భద్రం’ అని ఆయన చెప్పింది నిజమే, కానీ ఏళ్ల తరబడి చేసిన పెళ్లి కార్డులు, రబ్బరు స్టాంపుల డిజైన్లు ఉన్నది డెస్క్‌టాప్ మీద. ఫార్మాట్ చేయకుండా పైనే విండోస్ వేస్తే పాతవి విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో మిగులుతాయి. అదీ శాశ్వతం కాదు. వెర్షన్ అప్‌గ్రేడ్ చేసినప్పుడైతే 10 రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి కంప్యూటర్ మార్చేవాళ్లు, 11 వేయించేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. వేయించే ముందు చూడాల్సిన మొదటి ఫోల్డర్ డెస్క్‌టాప్.

దీనికి రెండు దారులున్నాయి. మంచిది మొదటిది: అసలు ఫైళ్లన్నీ డి లో, వాటి షార్ట్‌కట్లు మాత్రమే డెస్క్‌టాప్ మీద. రెండోది డెస్క్‌టాప్ ఫోల్డర్‌నే డి కి తరలించడం. యూజర్స్‌లో మీ పేరు కింద ఉన్న డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్. ఇక్కడ జాగ్రత్త. ముందుగా డి లో డెస్క్‌టాప్ పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి దాన్నే చూపించాలి. ఫోల్డర్ చేయకుండా డి డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం మీ డెస్క్‌టాప్ అయి కూర్చుంటుంది, వెనక్కి తేవడం పెద్ద తలనొప్పి.

ఏ దారి పట్టినా ఒక మాట మరిచిపోవద్దు. చాలా కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని భాగాలు. డిస్క్ కాలితే రెండూ పోతాయి. డి లో పెట్టడం ఫార్మాట్ నుంచి కాపాడుతుంది, డిస్క్ చెడిపోవడం నుంచి కాపాడదు. వారానికోసారి బయటి డిస్క్‌లోకి కాపీ తీసుకోవడం దీనికి అదనం.

ఫైళ్లని నెట్‌లో దాచిపెట్టే మైక్రోసాఫ్ట్ సేవ వన్‌డ్రైవ్ సంగతి వేరు. కొత్త కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేటప్పుడు ఫోల్డర్ల బ్యాకప్ అడిగితే చదవకుండా సరే అనేస్తాం. అప్పటినుంచి డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారుతుంది. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేసి బిట్‌మ్యాప్‌గా సేవ్ చేస్తే ఒక్కో పేజీ దాదాపు 25 ఎంబీ. అంటే రెండొందల పేజీలకే నిండిపోతుంది. జేపెగ్ అయితే చాలా తక్కువ, అయినా స్కానింగ్ షాపుకి 5 జీబీ ఎన్నాళ్లు? నిండాక కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు, ఎర్ర గుర్తులు మొదలవుతాయి. ఐకాన్ మీద మేఘం గుర్తుంటే ఆ ఫైలు మీ డిస్క్‌లో లేదని అర్థం, నెట్ లేకపోతే తెరుచుకోదు. ఆకుపచ్చ టిక్ ఉంటే దగ్గరే ఉంది.

విసుగొచ్చి బ్యాకప్ ఆపేస్తే కొన్ని వెర్షన్లలో డెస్క్‌టాప్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. గుండె గుభేల్‌మంటుంది గానీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలి డెస్క్‌టాప్‌లో ఉంటాయి. అక్కడినుంచి డి కి మార్చుకోవాలి. ముందే తెలిస్తే పద్ధతి తిరగేయండి: మొదట ఫైళ్లన్నీ డి కి మార్చి, అవి తెరుచుకుంటున్నాయని చూసుకుని, ఆ తర్వాతే బ్యాకప్ ఆపాలి.

ఐకాన్లు చెదిరిపోవడం

పొద్దున షాపు తెరిచేసరికి నిన్న చక్కగా పెట్టుకున్న ఐకాన్లన్నీ ఎడమ వైపు వరుస కట్టి ఉంటాయి. ఎవరో కెలికారని అనుమానం. ఏ ఐకాన్ ఎక్కడుందన్నది ఫైళ్లతోపాటు సేవ్ కాదు. విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఆ లెక్కని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చిట్టా) రాసుకుంటుంది, అదీ ప్రధానంగా సక్రమంగా సైన్ ఔట్ అయినప్పుడో షట్ డౌన్ చేసినప్పుడో. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి, బ్యాటరీ చచ్చిన యూపీఎస్ అర నిమిషం కూడా ఆగకపోతే, ఆ రోజు చేసిన మార్పులు రాసుకునే వీలు దానికి దొరకదు. కాబట్టి ఐకాన్లు సర్దడం పూర్తవగానే ఒకసారి సైన్ ఔట్ అయి మళ్లీ లోపలికి రండి. ఆ అమరిక రిజిస్ట్రీకెక్కుతుంది.

రెండో కారణం రిజల్యూషన్. ప్రొజెక్టర్ తగిలించినా, డిస్‌ప్లే డ్రైవర్ పోయి తెర 1024×768కి పడిపోయినా, చిన్న తెరలో పట్టని ఐకాన్లని విండోస్ లోపలికి జరుపుతుంది. మళ్లీ 1920×1080కి వచ్చినా ఒక్కోసారి పాత చోట్లకి వెళ్లవు. డెస్క్‌టాప్‌ఓకే అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఐకాన్ల అమరికని సేవ్ చేసి, కావలసినప్పుడు తిరిగి పెడుతుంది. తరచూ ప్రొజెక్టర్ వాడే కోచింగ్ సెంటర్లకి అది పనికొస్తుంది.

ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి వ్యూ లోకి వెళితే ఆటో అరేంజ్, అలైన్ టు గ్రిడ్ అని రెండు టిక్‌లుంటాయి. ఆటో అరేంజ్ ఉంటే ఐకాన్లు పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి ఖాళీ లేకుండా నిండుతాయి, మీ ఇష్టమైన చోట పెట్టనివ్వవు. అలైన్ ఒక్కటే ఉంటే ఎక్కడైనా పెట్టొచ్చు, వరుస మాత్రం తప్పదు. ఒక్కరే వాడే కంప్యూటర్‌కి రెండోది బాగుంటుంది. ఇద్దరు ముగ్గురు చేతులు మారే షాపు కంప్యూటర్‌కి ఆటో అరేంజ్ పెట్టి, పేర్లతో వరుస నడిపించడమే నయం. ‘కుడి పక్క పైన మూడోది’ అని చోటుని బట్టి గుర్తు పెట్టుకునే అలవాటు ఒక్క కరెంటు కోతకే తారుమారవుతుంది. పేరుతో గుర్తు పెట్టుకుంటే ఎక్కడికి జరిగినా దొరుకుతుంది.

సైజు మార్చాలంటే కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే చాలు. పొరపాటున అలా తిప్పేసి ఐకాన్లు అరచేయంత అయ్యాయని కంగారుపడేవాళ్లున్నారు; అదే చక్రం వెనక్కి తిప్పాలి. తెర నిండిపోయాక చేర్చిన ఐకాన్లు కనబడకపోవచ్చు, డెస్క్‌టాప్‌కి స్క్రోల్‌బార్ లేదు. అప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరిచి చూడాలి.

మూడు లిపులున్న పేర్లు

మన ప్రాంతంలో అసలు ముడి ఇక్కడుంది. ఒకే తెర మీద ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ పేర్లుంటాయి. పేరు వరుసన సర్దమంటే విండోస్ ముందు గుర్తులు, తర్వాత అంకెలు, ఆ తర్వాత ఇంగ్లిష్ అక్షరాలు, మన లిపులు వాటి వెనక పెడుతుంది. కాబట్టి ‘పెళ్లి కార్డులు’, ‘ఫ్లెక్సీ’ అని తెలుగులో రాసినవి ఎప్పుడూ ఇంగ్లిష్ పేర్ల కిందికి పోతాయి. దీనికి తేలిక మందు పేరు ముందు అంకె. 01, 02, 03 అని రెండంకెలు పెడితే ఏ లిపిలో రాసినా మీరనుకున్న వరుసే వస్తుంది. 2 తర్వాత 10 రావాలని విండోస్ ఎక్స్‌ప్లోరర్‌కి తెలుసు, అన్ని సాఫ్ట్‌వేర్లకీ తెలియదు. 1, 10, 2 అని పేర్చేవి చాలా ఉన్నాయి. ముందు సున్నా పెట్టేది అందుకే.

తేదీ రాసేటప్పుడు 12/03/2026 అని పెట్టబోతే ఒప్పుకోదు. ఏటవాలు గీత (/), కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం లాంటి తొమ్మిది గుర్తులకి ఫైలు పేర్లలో చోటు లేదు. 2026-03-12 అని సంవత్సరం ముందు, తేదీ చివర రాస్తే పేరు వరుసే తేదీ వరుస అవుతుంది. 12-03-2026 అని రాస్తే మార్చి 12 పక్కన ఏప్రిల్ 12 వచ్చి చేరుతుంది, మార్చి 13 ఎక్కడో కిందుంటుంది.

ఇక ఆ గజిబిజి పేరు సంగతి. అను ఫాంట్లలో గానీ ఒడియా ఆకృతి ఫాంట్లలో గానీ టైపు చేసింది నిజానికి తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటి మీద ఫాంట్ తెలుగు బొమ్మలు గీస్తుంది. పేజ్‌మేకర్ లోపల ఆ ఫాంట్ ఉంటుంది కాబట్టి తెలుగు కనిపిస్తుంది. ఫైలు పేరు చూపించేది విండోస్ సొంత ఫాంట్. అక్కడ అను బొమ్మలుండవు, కాబట్టి అడుగున ఉన్న గుర్తులు బయటపడతాయి. పేరు పెట్టేటప్పుడు అను కీబోర్డు ఆపేసి, విండోస్ తెలుగు కీబోర్డు గానీ ఇంగ్లిష్ గానీ వాడాలి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే కీబోర్డు భాష మారుతుంది. ఇలా యూనికోడ్‌లో, అంటే ప్రతి లిపికీ సొంత సంకేతాలున్న పద్ధతిలో, రాసిన పేరైతే విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంట్ తెలుగూ ఒడియా రెండూ చూపిస్తుంది. విండోస్ 7లో తెలుగుకి గౌతమి, ఒడియాకి కళింగ. ఎక్స్‌పీలో ఒడియా ఫాంట్ లేదు. పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో ఒడియా పేర్లు ఖాళీ డబ్బాలుగా కనబడితే ఫైలు చెడిందనుకోకండి.

తెలుగు పేరు తెరమీద పొట్టిగా ఉన్నా లోపల పొడవే. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు. ఫోల్డర్లో ఫోల్డర్, అందులో ఫోల్డర్ అని నిండు తెలుగు పేర్లతో లోతుకి వెళితే మొత్తం దారి 260 అక్షరాల హద్దుకి తగులుతుంది. అప్పుడు కాపీ కాదు, డిలీట్ కూడా కాదు. మూడు మెట్లకి మించి లోతు పెట్టకపోతే ఈ బాధ ఉండదు.

పేరు ఏ భాషలో ఉండాలి? షార్ట్‌కట్లకైతే కుర్చీలో కూర్చునే మనిషి చదవగలిగే భాష. కస్టమర్ల ఫైళ్లకైతే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో చిన్న గీత. వాటిని రేపు పోర్టల్‌లో ఎక్కించాలి, మెయిల్ చేయాలి. పేరులో ఖాళీలున్నా, మన లిపులున్నా కొన్ని పోర్టళ్లు ఫైలు తీసుకోవు, కారణమూ చెప్పవు.

వెబ్‌సైట్ల షార్ట్‌కట్లు

బ్రౌజర్ అడ్రసు పట్టీకి ఎడమ చివరున్న గుర్తుని పట్టుకుని డెస్క్‌టాప్ మీదికి లాగితే ఆ సైటు షార్ట్‌కట్ వస్తుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు లాగిన్ అయ్యాక, దరఖాస్తు పేజీ తెరుచుకున్నాక లాగడం. ఆ అడ్రసు ఆ ఒక్క లాగిన్‌కే చెల్లుతుంది. మర్నాడు నొక్కితే సెషన్ ముగిసిందని వస్తుంది. ఎప్పుడూ సైటు మొదటి పేజీ నుంచే లాగాలి. ప్రభుత్వ సైటైతే అడ్రసులో డొమైన్ పేరు గవ్ డాట్ ఇన్ లేదా ఎన్‌ఐసీ డాట్ ఇన్‌తో ముగుస్తుందో లేదో లాగే ముందు చూడండి. నకిలీ సైటుకి ఒకసారి షార్ట్‌కట్ పెట్టుకుంటే రోజూ అక్కడే వివరాలు కొడుతుంటారు.

ఇలా వచ్చిన షార్ట్‌కట్ డీఫాల్ట్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఒక సైటు ఎడ్జ్‌లోనే, ఇంకోటి క్రోమ్‌లోనే సరిగ్గా నడుస్తుంటే, ఆ బ్రౌజర్ షార్ట్‌కట్‌ని కాపీ చేసి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చివర కోట్ గుర్తు బయట ఒక ఖాళీ ఇచ్చి సైటు అడ్రసు అతికించాలి. ఒడిశా సైట్లకో రంగు బొమ్మ, ఆంధ్రా సైట్లకో రంగు బొమ్మ పెట్టుకుంటే హడావుడిలో ఒకదానికి బదులు ఇంకోటి తెరవరు.

షార్ట్‌కట్ వైరస్

కస్టమర్ పెన్‌డ్రైవ్ గుచ్చితే ఫోల్డర్లన్నీ బాణం గుర్తుతో కనబడతాయి, సైజు ఒకటో రెండో కేబీ. ఫైళ్లు పోయాయని అడుగుతారు. నొక్కొద్దు. ఆ వైరస్ అసలు ఫోల్డర్లని దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెడుతుంది. ప్రాపర్టీస్‌లో టార్గెట్ చూస్తే ఫోల్డర్ దారికి బదులు కమాండ్ ప్రాంప్ట్‌నో స్క్రిప్ట్ ఫైలునో పిలిచే పొడవాటి వరుస ఉంటుంది. నొక్కితే ఫోల్డర్ తెరుస్తూనే వెనక వైరస్‌నీ నడిపిస్తుంది, ఆ తర్వాత మీ షాపులో గుచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటుంది.

ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లు దాచే టిక్ కూడా తీసేయాలి. మొదటి టిక్ ఒక్కటే చాలదు, ఎందుకంటే వైరస్ వాటికి సిస్టమ్ ముద్ర కూడా వేస్తుంది. మసకగా అసలు ఫోల్డర్లు బయటపడతాయి. వాటి లోపలున్న ఫైళ్లని కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి తిరిగి వేయాలి. కాపీ చేసేటప్పుడు డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే తీసుకోండి. పని అయ్యాక సిస్టమ్ ఫైళ్ల టిక్ మళ్లీ పెట్టేయండి. నొక్కకపోతే ఏం కాదన్న ధీమా కూడా పూర్తిగా చెల్లదు: 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ వాడుకున్న విండోస్ లోపంలో షార్ట్‌కట్ బొమ్మ తెరమీద కనబడితేనే చాలు, కోడ్ నడిచేది. మైక్రోసాఫ్ట్ ఆ ఆగస్టులో దానికి అప్‌డేట్ ఇచ్చింది. అప్‌డేట్లు ఆపేసిన షాపు కంప్యూటర్లు ఇలాంటివాటికే దొరికిపోతాయి.

సర్దే వరుస

ఒక సాయంత్రం చాలు. ఎక్స్‌ప్లోరర్‌లో యూజర్స్ కింద మీ డెస్క్‌టాప్ తెరిచి, వ్యూ డీటెయిల్స్ పెట్టి, గ్రూప్ బై టైప్ అనండి. షార్ట్‌కట్లు ఒకచోట, ఫోల్డర్లు ఒకచోట, పీడీఎఫ్‌లు ఒకచోట విడిపోతాయి. షార్ట్‌కట్లలో తెరుచుకోనివి, రెండు మూడుసార్లు పడ్డవి తీసేయండి. అసలు ఫైళ్లు డి కి వెళ్లాలి, కానీ వెంటనే కాదు. పేజ్‌మేకర్ ఫైలు లోపల పెట్టిన ఫొటో ఎక్కడుందో దారి రాసుకుని ఉంటుంది. ఫొటో డెస్క్‌టాప్ మీద, ఫైలు ఇంకోచోట ఉండి రెండింటినీ చెల్లాచెదురుగా తరలిస్తే ప్రింటు రోజు ఫొటో మసకగా వస్తుంది. ముందు ఒక్కో పనికి ఒక్కో ఫోల్డర్ చేసి ఫైలూ ఫొటోలూ అందులో చేర్చి, తెరిచి, లింక్స్ సరిచేసి సేవ్ చేశాకే తరలించాలి. పాత పెళ్లి కార్డులన్నింటికీ ఈ చాకిరీ చేయక్కర్లేదు. మళ్లీ మళ్లీ అడిగే డిజైన్లకి చాలు.

ఆ తర్వాత డి లో ఏ రోజు పని ఆ రోజు తేదీ ఫోల్డర్‌లో. బ్రౌజర్ డౌన్‌లోడ్ సెట్టింగ్స్‌లో, స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ అయ్యే చోటు కూడా డి కి మార్చండి. ఇది మార్చకపోతే నెల తిరక్కుండా డెస్క్‌టాప్ మళ్లీ నిండుతుంది. రోజూ వాడే నాలుగైదు ప్రోగ్రాంలని టాస్క్‌బార్‌కి పిన్ చేస్తే విండోస్ కీతో 1, 2, 3 నొక్కి తెరవొచ్చు, వాటికి డెస్క్‌టాప్ ఐకాన్ అవసరమే లేదు.

కస్టమర్ల ఆధార్, పాన్ స్కాన్లు మాత్రం తెరమీద ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లకి పేర్లు, చిన్న బొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి. డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, ఎవరైనా తిరిగి తీసుకోవచ్చు. షిఫ్ట్ నొక్కి డిలీట్ చేస్తే బిన్‌కి వెళ్లదు. దీన్ని కస్టమర్ల కాగితాలకే వాడండి, సొంత ఫైళ్లకి వద్దు.

అన్నీ ఒక్కసారిగా మాయమైతే

ముందు ఖాళీ చోట రైట్ క్లిక్, వ్యూ, షో డెస్క్‌టాప్ ఐకాన్స్ టిక్ ఉందా చూడండి. చాలాసార్లు అదే. తెర అంతా నల్లగా ఉండి టాస్క్‌బార్ కూడా లేకపోతే ఎక్స్‌ప్లోరర్ ఆగిపోయింది: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో రన్ న్యూ టాస్క్ తెరిచి ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్‌లో కొట్టాలి. టాస్క్‌బార్ ఉండి ఫైళ్లు మాత్రమే లేకపోతే వన్‌డ్రైవ్ లోపలి డెస్క్‌టాప్ చూడాలి.

వాల్‌పేపర్ కూడా మారిపోయి, కొత్త కంప్యూటర్‌లా కనబడుతూ, అకౌంట్‌లోకి సైన్ ఇన్ కాలేకపోయామన్న సందేశం వస్తే అది తాత్కాలిక ప్రొఫైల్. యూజర్స్ ఫోల్డర్‌లో టెంప్ అనే పేరు కనిపిస్తుంది. కరెంటు పోయి ప్రొఫైల్ ఫైలు దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుంది. ఇందులో ఏమీ సేవ్ చేయకండి, సైన్ ఔట్ అవగానే అదంతా పోతుంది. ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూడండి. మళ్లీ అదే వస్తే యూజర్స్‌లో మీ పాత పేరున్న ఫోల్డర్ తెరిచి, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడింటినీ డి కి గానీ బయటి డిస్క్‌కి గానీ కాపీ చేసుకున్నాకే మెకానిక్‌ని చేయి పెట్టనివ్వండి.